మహిళా సాఫ్ట్‌బాల్ పూర్వ క్రీడాకారిణుల సంఘం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది విశ్వవిద్యాలయ జట్టుకు 16 మంది ఎంపికయ్యారు. అందులో సగం మందికి పైగా మొదటి సంవత్సరం విద్యార్థినులే. ఇద్దరు అనంతపురంలోని ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామంలో ఆట నేర్చుకుని వచ్చినవారు. వారి ఫీల్డింగ్ చూసి పాతవాళ్లు కూడా నడుము వంచడం మొదలుపెట్టారు. బ్యాటర్‌కు బంతి విసిరే పిచర్లు మాత్రం ఇద్దరే. ఒకరికి భుజం నొప్పి వస్తే రెండో అమ్మాయే ఏడు ఇన్నింగ్స్‌లూ విసరాల్సి వచ్చింది. వచ్చే ఎంపికల్లో ఈ లోటు తీరాలి.

ఈ సంవత్సరం నేను గర్వంగా చెప్పదలచినది చదువు సంగతి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ముగిసిన మర్నాడే సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యాయి. 75 శాతం హాజరు లేనిదే హాల్‌టికెట్ ఇవ్వరు. మైదానంలో గడిపిన రోజులకు మినహాయింపు కోసం మన అధ్యక్షురాలు ప్రతి విభాగం గడపా తొక్కారు. సాధన ముగిశాక రోజూ గంటన్నర హాస్టల్ భోజనశాలలో పాఠాలు పెట్టాం. తిరుగు రైలులో మా క్యాచర్ హెల్మెట్ పక్కన రసాయన శాస్త్రం నోట్సు పెట్టుకుని చదవడం నేను కళ్లారా చూశాను. రైలు తెల్లవారుజామున చేరింది, పది గంటలకు పరీక్ష. పదహారు మందీ అన్ని సబ్జెక్టులూ పాసయ్యారు. ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేదు. పతకం రాలేదని బాధపడుతున్న సభ్యులు ఈ ఫలితాన్ని కూడా చూడాలని కోరుతున్నాను.

పాఠాలు చెబుతామని వాట్సాప్‌లో చాలామంది మాట ఇచ్చారు. చివరిదాకా వచ్చినది నలుగురే. ఆ నలుగురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాలేనివారు ముందే చెప్పి ఉంటే వేరొకరిని వెతుక్కునేవాళ్లం.

మైదానం గురించి చెప్పాలంటే మనసు కష్టమవుతుంది. బ్యాటర్ నిలబడే చోటున ఉండే హోం ప్లేట్‌కు 43 అడుగుల దూరంలో పాతిన పిచర్ పలక వానలకు లేచిపోయింది. మూడుసార్లు అర్జీ ఇచ్చినా సంబంధిత అధికారి ఒక్కసారైనా వచ్చి చూడలేదు. చివరికి మన సభ్యులే ట్రాక్టరు ఎర్రమట్టి తోలించి, చదును చేసి, సున్నంతో గీతలు గీశారు.

సభ్యత్వ రుసుములు, విరాళాలు కిట్లకు, మట్టికి, రైలు టికెట్లకు సరిపోయాయి. ప్రయాణ భత్యం పోటీలు ముగిశాక గాని రాదు కనుక ముందు మనమే పెట్టుకున్నాం. ఆడిట్ పత్రం కోశాధికారి సమావేశంలో అందజేస్తారు.

2028 ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉంది. ఆతిథ్యం లాస్ ఏంజెలెస్‌దే అయినా, ఈ ఆట పోటీలు ఓక్లహోమా సిటీలో, అమెరికా కళాశాలల అమ్మాయిలు ఏటా ఛాంపియన్‌షిప్ ఆడే మైదానంలోనే జరుగుతాయి. ఈ మాట చెప్పిన రోజు మన అమ్మాయిలు చీకటి పడేదాకా మైదానం వదల్లేదు.

శిక్షకురాలికి, హాస్టల్ వంటవారికి, రికార్డు పుస్తకాలకు గడువు పెంచిన అధ్యాపకులకు, తమ పాత గ్లవ్స్ పంపిన అక్కలకు కృతజ్ఞతలు. గ్లవ్స్ ఇంకా కావాలి, ముఖ్యంగా ఎడమచేతితో విసిరేవారికి.

ఇట్లు,
కార్యదర్శి