వార్షిక నివేదిక: సభ్యుల కంటి చూపు కోసం ఈ ఏడాది చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో పలువురు అడిగిన మీదట, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి వచ్చే కంటి సమస్యల మీద కార్యవర్గం ఈ ఏడాది ఎక్కువ సమయం పెట్టింది. పోషకాహార సాయం, పిల్లల చదువులు, పింఛను దరఖాస్తులు ఎప్పటిలాగే సాగాయి. వాటిలో కొత్తగా చెప్పవలసింది లేదు గనుక ఈ నివేదిక కంటి పని గురించే ఉంటుంది.

ముందుగా అనవసరమైన భయం వద్దని మనవి. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటూ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అదుపులో ఉన్న సభ్యులకు వచ్చే ఇబ్బందులు చాలావరకు ఊళ్లో అందరికీ వచ్చేవే: చత్వారం, శుక్లం, కళ్లు పొడిబారడం, షుగరు వల్ల రెటీనా (కంటి లోపల వెనకవైపున ఉండే, చూపునిచ్చే పొర) దెబ్బతినడం. దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు ఇవ్వడం మొదలుపెట్టక ముందు మన తొలితరం సభ్యులు చూసిన రోజులు వేరు. మందులు రాకముందు పాశ్చాత్య దేశాల్లో సైతం ఎయిడ్స్ దశకు చేరినవారిలో సుమారు 30 శాతం మందికి సైటోమెగాలో వైరస్ అనే సీఎంవీ రెటీనాకు సోకేది. ఆ వైరస్ ఇప్పటికీ ఎక్కడికీ పోలేదు. రోగనిరోధక శక్తిని తెలిపే రక్తకణాల లెక్క అయిన సీడీ4 సంఖ్య 50 కంటే దిగువకు పడినప్పుడు, అంటే ఆలస్యంగా పరీక్ష చేయించుకున్నవారిలోనూ మధ్యలో మందులు మానేసినవారిలోనూ, అది ఎక్కువగా బయటపడుతుంది.

ఈ ఏడాది మనకు పాఠం నేర్పిన సభ్యుడు ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే మనిషి. ఆయన కోరిక మేరకు పేరు రాయడం లేదు. పని కోసం గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లి, తీసుకెళ్లిన మాత్రలు అయిపోయాక అక్కడ ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నారు. పడమటి తీరంలో వేట నిషేధం మొదలై తిరిగి వచ్చేసరికి ఆయన కుడికంటి ముందు నల్లటి పోగులు కదులుతున్నాయి. వల నూలు కంటికి అడ్డం పడుతున్నదనుకుని మోచేత్తో తుడుచుకుంటూ పని చేశారట. పోగు ఎటు చూస్తే అటు వస్తున్నదని గమనించినా, నొప్పి గానీ ఎరుపు గానీ లేనందువల్ల మందుల షాపులో చుక్కల మందు కొనుక్కుని రోజులు గడిపారు. పక్కనుంచి నీడలాంటిది కమ్ముకున్నాక మన దగ్గరికి వచ్చారు. అది సీఎంవీయే; అప్పటికి ఆ కంట్లో రెటీనా ఊడిపోయింది. ఎడమకంట్లో జబ్బు ఇంకా అంచునే ఉండటంతో, ఆ వైరస్‌ను అణిచే గాన్‌సైక్లోవిర్ ఇంజక్షన్లు కంట్లోకే ఇచ్చి, వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు వాడి డాక్టర్లు దాన్ని నిలబెట్టగలిగారు. కంట్లో సూది అనగానే చాలామంది బెదిరిపోతారు. ముందు మొద్దుబారే చుక్కలు వేసి, తెల్లగుడ్డు వైపు నుంచి సన్నని సూదితో క్షణాల్లో ముగించే పని అది. ఆయన ఇప్పుడు మళ్లీ వలలు కుడుతున్నారు, తల కొంచెం పక్కకు తిప్పి.

ఆ తరువాత కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. సీడీ4 100 కంటే తక్కువ ఉన్న ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ కళ్లలో చూపు బాగానే ఉన్నా సరే, కంటిపాప పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూసే పరీక్ష చేయించాలన్నది ఆ నిర్ణయం. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు తీసుకునేవారిని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తోడు తీసుకెళ్లే పనిని వాలంటీర్లు పంచుకున్నారు. తోడు ఎందుకని అడిగినవారికి జవాబు కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందే చెప్పింది. అది వేశాక కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు కనబడవు, మధ్యాహ్నపు ఎండకు కళ్లు తెరవలేము; ఆ స్థితిలో బండి నడపడం ప్రమాదం. ఇక్కడ కార్యవర్గానికి ఒక అసంతృప్తి ఉంది. మందుల రోజు, కంటి రోజు వేరువేరుగా పడటంతో రోజుకూలీ సభ్యులు రెండు రోజుల పని పోగొట్టుకున్నారు. రెండూ ఒకే రోజు కుదిరేలా చూడమని కోరుతూ ఇచ్చిన వినతిపత్రానికి ఇంతవరకు సమాధానం రాలేదు.

నెలవారీ సమావేశాల్లో గోడమీది తెలుగు క్యాలెండరు పెట్టి, తిథి నక్షత్రాల చిన్న అక్షరాలను ఒక్కో కన్ను మూసి చదివించే అలవాటు కూడా మొదలుపెట్టాము. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది గనుక ఇది పనికొచ్చింది. అయితే దీన్ని చూసి ధైర్యపడటం మా పొరపాటని తరువాత తెలిసింది. సీఎంవీ తరచు రెటీనా అంచుల్లో మొదలవుతుంది. అంచు పాడవుతున్నా క్యాలెండరు చక్కగా చదవవచ్చు. కాబట్టి క్యాలెండరు ఆసుపత్రికి బదులు కాదు.

మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకో నెలలకో చూపు మసకబారిందని ఒక సభ్యురాలు మాత్రలు ఆపేయబోయారు. అంతకుముందు సీఎంవీ సోకిన కంట్లో, రోగనిరోధక శక్తి కోలుకునే క్రమంలో వాపు రావచ్చు. దానికి డాక్టరు విడిగా చికిత్స చేస్తారు, ఏఆర్‌టీ సాధారణంగా కొనసాగుతుంది. మాత్రలు పడలేదని సొంతంగా మానేస్తే మొదటి ప్రమాదమే తిరిగి వస్తుంది.

అక్కి విషయం కాస్త వివరంగా చెప్పక తప్పదు. నుదుటి మీద, కనురెప్ప మీద ఒకే పక్కన మంటతో పొక్కులు లేస్తే మన ఇళ్లలో ముందుగా అక్కి రాయించడానికి వెళతారు. రాయించుకోవడాన్ని కార్యవర్గం తప్పు పట్టడం లేదు, కానీ దానికోసం రోజులు పోకూడదు. పొక్కులు కనబడిన 72 గంటల లోపల ఎసైక్లోవిర్ వంటి మాత్రలు మొదలుపెడితే ఎక్కువ మేలు జరుగుతుంది. గడువు దాటినా కంటి డాక్టరుకు చూపించవలసిందే. ముక్కు కొన మీద కూడా పొక్కు ఉంటే కంటికి సోకే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ముక్కు కొనకూ కంటికీ వెళ్లేది ఒకే నరపు శాఖ.

టీబీ మందులు కూడా వాడుతున్న సభ్యులకు ఇథాంబ్యుటాల్ గురించి చెప్పాము. అది కొద్దిమందిలో కంటి నరాన్ని దెబ్బతీసి, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు చూపిస్తుంది. అలా అనిపిస్తే తరువాతి విజిట్ దాకా ఆగకుండా వెంటనే చెప్పాలి, మార్పు మాత్రం డాక్టరే చేయాలి. తెల్లగుడ్డు మీద పెరిగే కండను మామూలు కండగా కొట్టిపారేయవద్దు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది కొన్నిసార్లు క్యాన్సర్ కావచ్చు.

ఇక ఒక చేదు సంగతి. మన సభ్యురాలి శుక్లం ఆపరేషన్‌ను నగరంలోని ఒక ఆసుపత్రి రక్తపరీక్ష ఫలితం వచ్చాక రెండుసార్లు వాయిదా వేసింది. ఆమె ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ఆ ఫలితాన్ని అందరికీ కనబడేలా రాశారు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ కారణంగా వైద్యం నిరాకరించడం వివక్షే. 20 మంది లేదా అంతకు మించి పనిచేసే వైద్య సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఈ విషయాలు ఉదహరిస్తూ లేఖ ఇచ్చాము. ఫైలు మార్చారు, తేదీ మాత్రం ఇవ్వలేదు. ఆపరేషన్ చివరికి మరో చోట జరిగింది. ఆమె ఇప్పుడు తన ఏఆర్‌టీ పుస్తకంలోని తేదీలు తానే చదువుకుంటున్నారు. ఆ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికే వదిలేశాము.

రాబోయే ఏడాదికి రెండు ప్రతిపాదనలను సభ్యుల ఆమోదానికి ఉంచుతున్నాము. వేటకో కూలికో వేరే రాష్ట్రం వెళ్లే సభ్యులు బయలుదేరే ముందే సంఘానికి తెలియజేస్తే, అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కు బదిలీ కాగితం ఇప్పించే బాధ్యత ఒక వాలంటీరుకు అప్పగించడం మొదటిది. కంటి పరీక్ష రోజున కూలి పోగొట్టుకునేవారికి సంఘం నిధి నుంచి ఆటో చార్జీలు, భోజనం ఖర్చు ఇవ్వడం రెండవది. జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతపరచడమైనది. సభ్యులు సమావేశానికి వచ్చేటప్పుడు తమ ఏఆర్‌టీ పుస్తకం తెచ్చి, చివరి సీడీ4 సంఖ్యను వాలంటీర్లకు విడిగా చూపించవలసిందిగా కోరుతున్నాము.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున
విశాఖపట్నం