గండిపేట, చిలుకూరు దారుల్లో ఆదివారం ఉదయం టిప్పర్లను ఆపాలి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాదు పడమటి శివార్లలో ఔటర్ రింగు రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో వేసిన సైకిలు ట్రాక్‌ను చూపించి, సైకిలు తొక్కేవారికి కావలసినదంతా చేసేశామని అధికారులు అనుకుంటున్నట్టుంది. ఆ ట్రాక్ మంచి పనే, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే సెలవు రోజున పిల్లాపాపలతో, స్నేహితులతో సైకిళ్ల మీద వెళ్లాలనిపించే పచ్చని దారులు ఆ ట్రాక్ దాటాకే మొదలవుతాయి. సైకిలు తొక్కేవారి భద్రత గురించి పట్టించుకోవడం కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. ట్రాక్‌ను ఇంకా పొడిగించడం కన్నా ఆ దారుల్లో వారానికి ఒక్క పూట, అంటే ఆదివారం తెల్లవారుజాము నుంచి ఉదయం ఎనిమిదిన్నర వరకు, టిప్పర్లను నిలిపివేసి మిగతా వాహనాల వేగాన్ని అదుపులో పెట్టడం తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేస్తుందని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ ట్రాక్ పొడవు మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు మరో భాగం. నాలుగున్నర మీటర్ల వెడల్పులో మూడు వరుసలున్నాయి, రాత్రిపూట దీపాలున్నాయి. పైకప్పు మీది సోలార్ పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజన్, సెజోంగ్ నగరాల మధ్య హైవే నడుమ వేసిన 32 కిలోమీటర్ల దారిని చూసి దీన్ని రూపొందించారు. ఇందులో నాకు ఒక సంగతి మొదటి నుంచీ వింతగా తోస్తోంది. మన ఊళ్లో సరదాకు సైకిలు తొక్కేవారు చీకటి ఉండగానే బయల్దేరి ఎండ ముదిరేలోగా ఇల్లు చేరతారు, లేదా సాయంత్రం పొద్దువాలాక వస్తారు. అందువల్ల ఆ పైకప్పు నీడ పగలంతా ఎక్కువగా ఖాళీ ట్రాక్ మీదే పడుతుంది. వానాకాలంలో దాని విలువ తెలుస్తుందన్న మాట నిజమే. కరెంటు వస్తోంది కనుక ఖర్చు వృథా అని కూడా అనలేం. కానీ ఆ పైకప్పునంతా సైకిలు తొక్కేవారి కోసమే కట్టినట్టు లెక్క చూపడం న్యాయం కాదు. పైగా పక్కనే ఎనిమిది వరుసల రహదారి హోరు. పిల్లలకు సైకిలు నేర్పడానికి, వ్యాయామానికి అది చక్కని చోటు. చెరువు గాలి పీల్చుకుంటూ పొలాలు చూసుకుంటూ వెళ్లాలనుకునేవారికి మాత్రం అక్కడ పెద్దగా ఏమీ లేదు.

ఆ పొలాలూ చెరువులూ ఉన్నది గండిపేట, హిమాయత్‌సాగర్, చిలుకూరు, శంకర్‌పల్లి వైపు. 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల ఫలితంగా, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. ఈ రెండు జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో ఇచ్చిన 111 నంబరు జీఓ 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను అడ్డుకున్నందువల్లే, ఐటీ కంపెనీల అద్దాల మేడలకు అంత దగ్గరలో ఇప్పటికీ కూరగాయల మడులు, మామిడి తోటలు, బంతి, చామంతి పొలాలు మిగిలాయి. 2022లో 69 నంబరు జీఓతో ఆ ఆంక్షలు సడలాయి. అందువల్ల ఈ దారులు ఎన్నాళ్లు ఇలా ఉంటాయో ఎవరి అంచనా వారిది.

నార్సింగి, కోకాపేట మీదుగా గండిపేట చేరి, అక్కడి నుంచి ఖానాపూర్, జన్వాడ, మోకిల దాటి శంకర్‌పల్లి వెళ్లే రోడ్డు ఒకటి. అప్పా జంక్షన్ నుంచి అజీజ్‌నగర్ మీదుగా మొయినాబాద్, చిలుకూరు వైపు వెళ్లే రోడ్డు రెండవది. చిలుకూరులో బాలాజీ గుడి ఎంత ప్రసిద్ధమో, దానికి దగ్గరలోనే మృగవని జాతీయ పార్కు ఉన్న సంగతి అంత తక్కువ మందికి తెలుసు. ఓపిక ఉన్నవారు చేవెళ్ల మీదుగా ఇంకా ముందుకు సాగి వికారాబాద్ అనంతగిరి కొండల దాకా, అంటే మూసీ పుట్టిన చోటి దాకా వెళ్లి వస్తారు. నగరం నడిబొడ్డున మురుగుగా కనిపించే నది ఎక్కడ పుట్టిందో సైకిలు మీద వెళ్లి చూడగలిగే అవకాశం చిన్నదేమీ కాదు.

ఇప్పుడు ఆ రోడ్లమీద తెల్లవారుజామున ఏం జరుగుతోందో చూడండి. ఎకరం వంద కోట్లు దాటి వేలంలో అమ్ముడైన కోకాపేటలోనూ, చుట్టుపక్కలా లేస్తున్న అపార్టుమెంట్ల సెల్లార్ల మట్టి, వాటికి కావలసిన కంకర, ఇసుక టిప్పర్లలో కదులుతాయి. పగటిపూట నగరంలో భారీ వాహనాలకు ఆంక్షలు ఉంటాయి కనుక వాటి పరుగంతా రాత్రిపూటే. ట్రిప్పుల లెక్కన డబ్బు వచ్చే డ్రైవరు వెలుగు వచ్చేలోగా ఇంకో ట్రిప్పు వేయాలని చూస్తాడు. సైకిలు తొక్కేవాళ్లు రోడ్డెక్కేది కూడా ఆ వేళకే. తారు అంచుకూ పక్కనున్న మట్టికీ మధ్య చాలాచోట్ల జానెడు ఎత్తు తేడా ఉంటుంది. టిప్పర్ల నుంచి రాలిన సన్న కంకర సరిగ్గా ఆ అంచునే పేరుకుంటుంది. వెనుక నుంచి హారను మోగగానే ఎడమకు జరిగితే ముందు చక్రం కంకరలో జారుతుంది, ఇంకాస్త జరిగితే తారు దిగి మట్టిలో పడుతుంది, జరగకపోతే టిప్పరు అద్దం భుజాన్ని రాసుకుంటూ పోతుంది. శనివారం రాత్రి ఫాంహౌసుల్లో విందులు ముగించుకుని కార్లలో తిరిగివచ్చేవారి వేగం దీనికి అదనం.

ఇది ఊహించుకున్న భయం కాదు. 2023 జూలైలో బండ్లగూడ సన్‌సిటీ వద్ద ఉదయపు నడకకు వెళ్లినవారిని కారు ఢీకొనగా తల్లీకూతుళ్లు ప్రాణాలు కోల్పోయారు. 2025 నవంబరులో చేవెళ్ల సమీపంలో కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని ఎందరో ప్రయాణికులు చనిపోయిన ఘోరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బస్సుకే దిక్కులేని రోడ్డు మీద సైకిలు సంగతి వేరే చెప్పాలా?

వేలకు వేలు పోసి గేరు సైకిళ్లు కొన్న ఉద్యోగుల సరదా కోసం లారీలను ఆపాలా అని కొందరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కానీ ఆదివారం ఆ రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూస్తే, హెల్మెట్లు, మెరిసే చొక్కాలు వేసుకున్న గుంపుల మధ్యనే అన్నం క్యారియరు హ్యాండిలుకు తగిలించుకుని పనికి పోయే కూలీలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు కనిపిస్తారు. వారి సైకిళ్లకు వెనుక ఎర్రదీపం కూడా ఉండదు. సరదాకు తొక్కేవాడు రోడ్డు బాగాలేదని ఆ వారం మానేయగలడు, వారికి ఆ వీలు లేదు. దారి భద్రమైతే ముందుగా బాగుపడేది వారే.

ఇందుకు కొత్త చట్టమేదీ అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షన్ ప్రజల భద్రత దృష్ట్యా ఫలానా రోడ్డు మీద ఫలానా రకం వాహనాలను నిషేధించే, నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన అధికారికి కల్పించింది. ఆ నిషేధం నెల రోజులకు మించకపోతే గెజిట్‌లో ప్రకటించనక్కరలేదని, స్థానికంగా ప్రచారం చేస్తే చాలునని అదే సెక్షన్ చెబుతోంది. ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలను ఆపి జనానికి వదిలే పద్ధతిని 2021లో మొదలుపెట్టినప్పుడు ట్రాఫిక్ స్తంభించిపోతుందన్నారు, అలాంటిదేమీ జరగలేదు. నేను అడుగుతున్నది అంత కూడా కాదు. ఆదివారం చిలుకూరు గుడికి వేలమంది భక్తులు వస్తారు, ఆ రోడ్డును పూర్తిగా మూయమనడం అన్యాయం. బస్సులు, కార్లు, ఆటోలు, పాలబండ్లు, పూలు, కూరగాయలు మోసే రైతుల వాహనాలు మామూలుగానే తిరగనివ్వాలి. టిప్పర్లు, సిమెంటు మిక్సర్లు మాత్రం ఆ పూటకు ఆగాలి. మిగిలిన వాహనాలకు 40 కిలోమీటర్ల వేగపరిమితి పెట్టి, కెమెరాతో ఒక పోలీసు బండిని నిలిపితే చాలు.

ట్రాక్ చివర నుంచి ఈ రోడ్లలోకి వచ్చే జంక్షన్ల వద్ద సైకిళ్లు దాటడానికి గీతలు, సిగ్నల్ సమయం కావాలి. ఇప్పుడు చాలామంది సైకిలును కారు వెనుక కట్టుకుని ట్రాక్ దాకా వచ్చి, అక్కడే తిరిగి, మళ్లీ కారులో ఇంటికి పోతున్నారు. సైకిలు తొక్కడానికి కారు తప్పనిసరి కావడం ఏ రకంగా చూసినా తలకిందుల వ్యవహారమే. మురుగు కాలువల మీది ఇనుప జాలీలు కొన్నిచోట్ల రోడ్డు పొడవునా ఊచలు ఉండేలా బిగించారు. సన్నచక్రం ఆ సందులో ఇరుక్కుంటే మనిషి ముందుకు ఎగిరిపడతాడు. జాలీని అడ్డంగా తిప్పి బిగించడానికి ఖర్చు కూలీ మాత్రమే.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల జాతీయ రహదారి వెంట దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. విస్తరణలో వాటి గతి ఏమిటన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఎక్కడెక్కడ చెట్లను నిలిపి కొత్త వరుసలు పక్కన వేస్తారో, అక్కడ చెట్లకింది పాత తారును తవ్వేయకుండా సైకిళ్లకు, నడిచేవారికి వదలమని రహదారుల అధికారులను కోరుతున్నాను. పైకప్పుకు పైసా ఖర్చు లేని ట్రాక్ అది. శామీర్‌పేట, నారపల్లి, కండ్లకోయ వైపు పచ్చని దారుల గురించి కూడా చెప్పవలసింది ఉంది గాని, అన్నిచోట్లా ఒకేసారి అంటే ఎక్కడా జరగదు.

కనుక రాబోయే చలికాలంలో ఒక నెల, అంటే నాలుగైదు ఆదివారాలు, గండిపేట, చిలుకూరు రోడ్లలో ఈ ప్రయోగం చేయాలని జిల్లా యంత్రాంగాన్ని, పోలీసు కమిషనరేట్‌ను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పూటల్లో ఎన్ని సైకిళ్లు వచ్చాయి, ఎన్ని టిప్పర్లను వెనక్కు పంపారు, గుడికి వెళ్లే భక్తులకు, దారిలోని గ్రామాల వారికి ఏమైనా ఇబ్బంది కలిగిందా అన్న వివరాలు నెలాఖరున ప్రకటిస్తే, కొనసాగించాలా మానాలా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మణికొండ