చేప గుంతకు ఉన్న గుర్తు మా బావికి లేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికాలో ఒక గుంతలో మిగిలిన 38 చేపలకు కంచె, కెమెరాలు, లెక్కపెట్టడానికి గజ ఈతగాళ్లు అంటూ మీరు ఆ మధ్య వేసిన చిన్న వార్త చదివి మా ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. లాస్ వేగాస్‌లో ఉంటున్న మా అమ్మాయిని చూడబోయినప్పుడు, జూదశాలల దీపాలు చాలించమని పోరుపెట్టి, నెవాడా ఎడారిలో ఉన్న ఆ గుంత దగ్గరకు తీసుకెళ్లమన్నాను. కంచె ఇవతల నుంచి చూస్తే కొండ పగులులో, ఎంతో కింద, నల్లటి నీళ్లు. చేప ఒక్కటీ కనబడలేదు. అంగుళం చేపను అంత ఎత్తు నుంచి చూడాలనుకోవడం నా అత్యాశే.

ఆ చేప పేరు డెవిల్స్ హోల్ పప్‌ఫిష్. కుక్కపిల్లల్లా ఒకదాన్నొకటి తరుముకుంటూ ఆడతాయని ఆ పేరు. నాలుగు వందల అడుగులు దాటి దిగినా గుంతకు అడుగు దొరకలేదు. నీళ్లు ఎప్పుడూ 33, 34 డిగ్రీల వేడిగా ఉంటాయి, ప్రాణవాయువు తక్కువ. అంత లోతున్నా ఈ చేప సంసారం సాగేది మాత్రం పైనున్న ఒక రాతి అరుగు మీద, మన ఇళ్లలో చిన్న గదంత చోటులో. అక్కడ ఎండ పడితే పాచి పెరుగుతుంది. తిండి ఆ పాచే, గుడ్లు పెట్టేదీ అక్కడే. చలికాలంలో ఎండ నేరుగా అందదు. ఆయుష్షు ఏడాది అటూ ఇటూ. నీరు దిగి అరుగు పైకి తేలిందంటే జాతి పోయినట్లే.

1968లో దగ్గరి పొలాలకు బోర్లతో నీరు తోడడం మొదలయ్యాక ఆ అరుగు తేలసాగింది. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1952లో గుంతను జాతీయ స్మారక స్థలంలో కలిపినప్పుడే దాని నీటినీ కాపాడతామని ప్రభుత్వం మాట ఇచ్చినట్లని, పక్క భూమిలోని బోరైనా ఆ నీటిని దించకూడదని 1976లో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. నీటిమట్టం కొలవడానికి గుర్తుగా రాతికి బిగించిన రాగి వాషర్ ఒకటి ఉంది. దానికి 2.7 అడుగుల దిగువకు నీరు పోకూడదు. అక్కడ అందరూ చప్పట్లు కొట్టలేదు లెండి, ‘చేపను చంపండి’ అని కార్లకు అంటించుకున్నవాళ్లూ ఉన్నారు.

మీ వార్తలో చెప్పనిది ఒకటుంది. 2024 వసంతంలో ఆ చేపలు 191. ఆ డిసెంబరులో ఒకసారి, తరువాతి ఫిబ్రవరిలో ఒకసారి భూమి కంపించి గుంతలో అలలు లేచాయి. అరుగు మీది పాచి, గుడ్లు కొట్టుకుపోయాయి. 38 అయింది అందువల్ల, కాపలా లోపించి కాదు.

మా ఊరు అనంతపురం జిల్లాలో ఉంది. ఊరంతా తాగిన దిగుడుబావిలో మెట్ల మీద కూర్చుంటే పరిగెలు కాళ్లు కొరికేవి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. బావి ఎండింది, అవీ పోయాయి. తాగునీటి బావికి 250 మీటర్లలోపు బోరు వేయకూడదని నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం అంటుంది. మా బావికి యాభై గజాల్లో బోరు పడింది. అదేమిటని అడగబోతే అర్జీ పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను, అంతే. బోరు వేసిన రైతును నేను తిట్టను. నా పొలంలోనూ రెండు ఎండిన బోర్లున్నాయి.

శ్రీశైలం, తుంగభద్ర నీటిమట్టాలు మీ పత్రికలో వస్తూనే ఉంటాయి. భూగర్భ జల శాఖ తన పరిశీలక బావుల్లో నీటి లోతు కొలుస్తూనే ఉంది. నెలకొకసారి ఆ అంకెలను మండలాలవారీగా జిల్లా పేజీలో వేయండి, పక్కనే కిందటి ఏడాది అంకె కూడా. సినిమా ప్రకటన కింద నాలుగంగుళాల చోటు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా