న్యూజెర్సీకి పంపిన తినుబండారాలు, షర్బత్ సీసాల నష్టంపై ఫిర్యాదు

నల్లగొండ నుంచి

జనరల్ మేనేజర్ గారికి,
సముద్ర రవాణా విభాగం, హైదరాబాద్ కార్యాలయం.

విషయం: ప్రయర్ నోటీసులో (ఆహార సరుకు వస్తోందని అమెరికా అధికారులకు ముందుగా ఇచ్చే సమాచారంలో) జరిగిన తప్పుల వల్ల రేవులో సరుకు నిలిచిపోవడం, ప్యాలెట్లు (పెట్టెలు పేర్చి కట్టే కర్ర చట్రాలు) విప్పి ఎక్కించడం వల్ల సరుకు పాడవడం – నష్టపరిహారం కోరడం గురించి.

సూచిక: మా పేరున మీరు జారీ చేసిన హౌస్ బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా పత్రం), మా మొదటి ఫిర్యాదుకు మీరు ఈమెయిల్‌లో పంపిన జవాబు.

ఆర్యా,

నల్లగొండలోని మా చిన్న తయారీ కేంద్రం నుంచి సకినాలు, మురుకులు, పల్లీపట్టీలు, వాటితో పాటు గాజు సీసాల్లో నింపిన బత్తాయి షర్బత్‌ను దసరా, దీపావళి అమ్మకాల కోసం న్యూజెర్సీలోని ఒక కిరాణా దుకాణానికి చేర్చే పనిని ఆగస్టులో మీ సంస్థకు అప్పగించాము. దీపావళి వెళ్లిపోయాక గానీ సరుకు దుకాణానికి చేరలేదు. చేరినదానిలో సగానికి పైగా అమ్మకానికి పనికిరాదని కొనుగోలుదారు ఫొటోలతో సహా రెండో రోజే రాతపూర్వకంగా తెలియజేశారు. ఆలస్యానికి మా లేబుళ్లు, నష్టానికి మా ప్యాకింగ్ కారణమని, ఏజెంటు మాత్రమే అయిన మీ సంస్థకు ఏ బాధ్యతా లేదని మీరిచ్చిన జవాబును మేము అంగీకరించడం లేదు.

ఓడ ప్రయాణం మీద మాకు ఫిర్యాదు లేదని ముందుగానే చెబుతున్నాము. ఎర్రసముద్రంలో దాడుల కారణంగా 2023 చివరి నుంచి చాలా ఓడలు సూయెజ్ దారి వదిలి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి వెళ్లడం మొదలుపెట్టిన సంగతి తెలిసే, ఆ అదనపు సమయాన్ని కూడా లెక్కలో వేసుకుని సరుకు ముందుగా ఇచ్చాము. ఓడ మీరు చెప్పిన వారంలోనే రేవుకు చేరింది. సరుకు నిలిచిపోయింది ఆ తరువాతే.

అమెరికాకు వచ్చే ఆహార పదార్థాల గురించి 2002 నాటి బయోటెర్రరిజం చట్టం ప్రకారం అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ప్రయర్ నోటీస్ ఇవ్వాలని, ఓడలో వచ్చే సరుకుకైతే అది రేవు చేరడానికి కనీసం 8 గంటల ముందే అందాలని, ఒక్కో పదార్థానికీ వేరువేరుగా ఇవ్వాలని మీకు మేము చెప్పవలసిన అవసరం లేదు. ఆ పనికని మీ కొటేషన్‌లో ప్రత్యేకంగా పద్దు వేసి మరీ రుసుము తీసుకున్నారు. మా ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్ నంబరు, ఒక్కో పదార్థం పేరు, ప్యాకెట్ బరువు, పెట్టెల సంఖ్య అన్నీ మీరు పంపిన ఫారంలోనే నింపి ఇచ్చాము. తీరా కొనుగోలుదారు తన కస్టమ్స్ బ్రోకర్ ద్వారా తెప్పించిన కాపీలో, సకినాలు, మురుకులు, పల్లీపట్టీలు మూడింటినీ కలిపి 'స్నాక్స్' అంటూ ఒకే నోటీసు ఉంది. షర్బత్‌కు నోటీసే లేదు. తయారీదారు రిజిస్ట్రేషన్ నంబరు ఉండవలసిన గడిలో మాది కాని నంబరు ఉంది. అది మీ మరో ఖాతాదారుదై ఉండవచ్చు. పాత ఫారం మీద కొత్త పేర్లు ఎక్కించి పంపితే ఇలాగే అవుతుంది. నోటీసు సరిగా లేని సరుకును లోపలికి రానివ్వకుండా రేవులోనే నిలిపివేయడం అక్కడి నిబంధన. మళ్లీ నోటీసులు దాఖలు చేసి సరుకు విడిపించే వరకు గోదాము అద్దె కొనుగోలుదారు మీద పడింది. ఆయన దానిని మాకు రావలసిన సొమ్ములోంచి మినహాయించుకున్నారు.

మా లేబుళ్ల మీద మీరు వేసిన నింద మరీ విడ్డూరంగా ఉంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు. నువ్వులు లేని సకినం ఉండదు కనుక ఆ సంగతి తెలిసిన వెంటనే పాత ప్యాకెట్లు పక్కన పెట్టి, నువ్వుల పేరు విడిగా కనిపించేలా కొత్త ప్యాకెట్లు అచ్చు వేయించాము. పల్లీల పేరు అంతకు ముందు నుంచే ప్యాకెట్ల మీద ఉంది. ఎఫ్‌డీఏ నుంచి వచ్చిన ఏ కాగితంలోనూ లేబుల్ అన్న మాట లేదు. ఉంటే ఆ కాగితం పంపగలరు.

ఇక ప్యాకింగ్ సంగతి. షర్బత్ పెట్టె ఒక్కొక్కటి 18 కిలోల పైచిలుకు ఉంటుంది. అందుకే సీసాల పెట్టెలకు వేరే ప్యాలెట్లు, తినుబండారాలకు వేరే ప్యాలెట్లు కట్టి, మూలలకు దళసరి అట్ట బద్దలు పెట్టి, నీలం పట్టీలు బిగించి, పైన ప్లాస్టిక్ చుట్టించి, ఏ ప్యాలెట్ మీదా మరొకటి ఎక్కించరాదని నాలుగు వైపులా కాగితాలు అంటించి మీ గోదాముకు అప్పగించాము. కర్రలో పురుగులు లేకుండా లోపలి వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచిన, హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) ముద్ర ఉన్న ప్యాలెట్లనే, ధర ఎక్కువైనా, కొన్నాము. అందినప్పుడు మీవాళ్లు ఇచ్చిన రసీదులో 'సరుకు మంచి స్థితిలో ఉంది' అనే రాశారు.

కొనుగోలుదారు పంపిన ఫొటోల్లో ప్యాలెట్ ఒక్కటీ లేదు, నీలం పట్టీ ఒక్కటీ లేదు. కంటెయినర్ నింపేటప్పుడు మీ సిబ్బందే వాట్సాప్‌లో పంపిన ఫొటోను పెద్దది చేసి చూస్తే విషయం తేలిపోయింది: ప్యాలెట్లు విప్పి, పెట్టెలను విడివిడిగా చేత్తో పేర్చారు, కింది వరుసల్లో సకినాలు, మురుకులు, వాటి నెత్తిన షర్బత్ సీసాలు. గుడ్ల బుట్ట మీద బియ్యం బస్తా ఎవరూ పెట్టరు. కింది పెట్టెలు అణిగిపోగా పైవి ఒరిగి సీసాలు పగిలాయి, పాకం కిందికి కారి అట్టలు నాని ప్యాకెట్ల మీద బంకగా పేరుకుంది. నలగని ప్యాకెట్ విప్పినా అగరుబత్తుల వాసన వస్తోందని దుకాణదారు రాశారు. అదే కంటెయినర్‌లో మా పెట్టెల పక్కన ఎవరి సరుకు పెట్టారో మీ లోడింగ్ జాబితా చూస్తే తెలుస్తుంది. ప్యాలెట్లతో కలిపి లెక్కగట్టిన ఘనపు మీటర్లకు మా దగ్గర కిరాయి తీసుకుని, ఆ ప్యాలెట్లు తీసేయగా మిగిలిన జాగాలో ఇంకొకరి సరుకు ఎక్కించుకోవడం ఏ పద్ధతి?

బీమా విషయం కూడా మీ దృష్టికి తెస్తున్నాము. కొన్ని మినహాయింపులు తప్ప అన్ని రకాల నష్టాలకూ వర్తించే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ (సరుకు బీమా షరతులు) 'ఎ' తీసుకుంటున్నట్టు కొటేషన్‌లో రాసి ప్రీమియం వసూలు చేశారు. చేతికిచ్చిన సర్టిఫికెట్ మాత్రం ఓడ మునక, అగ్ని ప్రమాదం వంటివాటికే పరిమితమైన 'సి' కింద ఉంది. పగిలిన సీసాలకు దాని కింద పైసా రాదు.

మీరు ఏజెంటు మాత్రమేనన్న వాదన నిలవదు. హౌస్ బిల్ ఆఫ్ లేడింగ్ మీద రవాణాదారుగా ఉన్నది మీ సంస్థ పేరే; మల్టీమోడల్ ట్రాన్స్‌పోర్ట్ ఆపరేటర్‌గా (ఒకటికి మించిన రవాణా మార్గాల్లో సరుకు చేరవేసే సంస్థగా) మీ రిజిస్ట్రేషన్ నంబరూ దానిమీదే ఉంది. 1993 నాటి మల్టీమోడల్ రవాణా చట్టం ప్రకారం, తన అధీనంలో ఉన్నప్పుడు సరుకు పాడైతే, తన తప్పు లేదని నిరూపించుకోవలసిన బాధ్యత ఆపరేటరుదే.

కాబట్టి పాడైన సరుకు విలువ, రేవులో పడిన గోదాము అద్దె, ప్రయర్ నోటీస్ రుసుము, బీమా ప్రీమియంలోని తేడా ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా చెల్లించవలసిందిగా కోరుతున్నాము. వీటి లెక్క బిల్లులతో సహా జతపరిచాము. ఆ కంటెయినర్ లోడింగ్ జాబితాను, మీరు దాఖలు చేసిన నోటీసుల కాపీలను కూడా పంపవలెను. మా ఇంటివారమే పనిచేసుకుంటూ జీవనోపాధికి నడుపుకుంటున్న కేంద్రం ఇది గనుక చట్టం దృష్టిలో మేమూ వినియోగదారులమే; జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేస్తాము.

పాడైన పెట్టెలను కొనుగోలుదారు తన గోదాములో విడిగా పెట్టించారు. నెలాఖరు దాటితే ఉంచడం కుదరదని ఆయన చెప్పారు కనుక, చూడదలిస్తే నష్టాన్ని పరిశీలించే మీ సర్వేయరును ఆలోగానే పంపి, ఏ రోజు వస్తారో మాకు ముందుగా తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
యజమాని, పిండివంటలు, షర్బత్ తయారీ కేంద్రం,
నల్లగొండ.