తుంగభద్ర దాటితే ఆరోగ్యశ్రీ కార్డు చెల్లదా?

సంపాదకులు గారికి,

మాది ఉండవెల్లి మండలం. జిల్లా జోగులాంబ గద్వాల, రాష్ట్రం తెలంగాణ. కానీ జబ్బు చేస్తే మేం పోయేది కర్నూలుకే, తుంగభద్ర బ్రిడ్జి దాటితే చాలు. హైదరాబాద్ అంటే రెండొందల కిలోమీటర్లు. మా నాయన కాలం నుంచీ ఇంతే. పాము కరిచినా, కాన్పు కష్టమైనా "పెద్దాసుపత్రికి తీస్కపోండి" అన్నారంటే అది కర్నూలు పెద్దాసుపత్రే. రాయచూరు, బళ్లారి నుంచి వచ్చినోళ్లు, మేమూ ఒకే ఓపీ లైన్లో నిలబడ్డవాళ్లమే. కర్నూలు మెడికల్ కాలేజీ 1957లో వచ్చింది, దానికి ఏడాది ముందే మా అలంపూర్ రాయచూరు జిల్లా నుంచి మహబూబ్‌నగర్‌లోకి మారింది. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, పేషెంటు పోయే దారి మాత్రం మారలేదు.

చదువుల్లోనూ చాలాకాలం కలిసే ఉన్నాం. 1986లో విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ పెట్టాక ఉస్మానియా, గాంధీ, కాకతీయ, కర్నూలు, గుంటూరు కాలేజీలన్నీ దాని కిందికే వచ్చాయి. విభజన తర్వాత వరంగల్‌లో కాళోజీ యూనివర్సిటీ వచ్చింది. రెండు రాష్ట్రాల కాలేజీల్లో పాత కోటాల ప్రకారమే సీట్లు ఇవ్వడానికి విభజన చట్టంలోని 95వ సెక్షన్ ఇచ్చిన పదేళ్ల గడువు కూడా 2024 జూన్ 2తో అయిపోయింది. ఎవరి సీట్లు వాళ్లవి, దాని మీద నాకు గొడవ లేదు. గద్వాలకు కూడా మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. నా బాధంతా పేషెంట్ల గురించే.

2021 మేలో, కోవిడ్ రెండో వేవ్‌లో, మా పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆంధ్ర నుంచి హైదరాబాద్ పోయే అంబులెన్సులను ఆపేశారు. అట్లా ఆపమన్న తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వులపై తెలంగాణ హైకోర్టు స్టే ఇస్తే గానీ బండ్లు కదల్లేదు. ఆ రోజుల్లో ఆ రోడ్డు చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

పోయినేడు మా బామ్మర్దికి గుండెపోటు వచ్చింది. అర్ధరాత్రి, కర్నూల్లో దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే స్టెంటు వేయాలన్నారు, ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే "ఇది తెలంగాణది, ఇక్కడ నడవదు" అన్నారు. ఆ టెన్షన్‌లో హైదరాబాద్‌కు ఎట్లా పోతాం? చెల్లెలి బంగారం కుదువ పెట్టి కట్టాం. 2007లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. అప్పుడు అదే కార్డు కర్నూల్లో కూడా చెల్లేది.

ఇదేమీ కానిపని కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లోనే తమ పేషెంట్లకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో కొన్ని పెద్ద చికిత్సలకు ఆరోగ్యశ్రీ వర్తింపజేసింది. అట్లాగే తెలంగాణ కూడా సరిహద్దు మండలాల వాళ్లకు అవతలి ఆసుపత్రుల్లో కార్డు చెల్లేటట్టు చేయొచ్చు కదా. ఇది మా ఒక్కరి సమస్య కూడా కాదు, 2014లో ఆంధ్రలో కలిపిన ఎటపాక, కూనవరం లాంటి మండలాల వాళ్లకు దగ్గరి ఆసుపత్రి భద్రాచలంలోనే ఉంది, అది తెలంగాణ.

ఇద్దరు ఆరోగ్య మంత్రులు ఒకసారి కూర్చుని కాగితం మీద ఒప్పందం రాసుకోవాలి. బిల్లులు ఈ పథకాన్ని నడిపే రెండు రాష్ట్రాల ట్రస్టులు తర్వాత లెక్క చూసుకోవచ్చు. ఎమర్జెన్సీ కేసు బోర్డర్ దాటేటప్పుడు ఎవరూ ఆపకూడదని కూడా అందులో ఉండాలి. ముందుగా అలంపూర్–కర్నూలు, ఎటపాక–భద్రాచలం, ఈ రెండు చోట్ల మొదలుపెట్టమని మీ పత్రిక ద్వారా రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉండవెల్లి మండలం, జోగులాంబ గద్వాల జిల్లా