తాడు పట్టి లాగితే తల ఊపే గంగిరెద్దు బొమ్మ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని మీ ఉత్తరాల పేజీలో తరచుగా ఎవరో ఒకరు రాస్తున్నారు. రాసేవాళ్ల బాధ నిజమే, కాదనను. కానీ ఫోన్ తీసేసుకున్నాక ఆ చేతుల్లో ఏం పెట్టాలో ఎవరూ రాయడం లేదు. నేను బాలానగర్‌లో టూల్‌రూమ్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫ్యాక్టరీల్లో ముక్కలకు ఆకారమిచ్చే డైలు, వాటిని పట్టి ఉంచే జిగ్‌లు, ఫిక్చర్లు తప్ప నాకు వేరే లోకం తెలీదు, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే రాస్తాను. తాడు కట్టి లాగే జంతువు బొమ్మ కావాలి, అది కూడా లాగుతుంటే తలో తోకో కదిలేది. బ్యాటరీ వద్దు, పాట వద్దు. చక్రం తిరిగితేనే తల ఊగాలి, పిల్ల ఆగితే బొమ్మా ఆగాలి.

బేగంబజార్ బొమ్మల దుకాణాల్లో ఇలాంటిది అడిగి చూడండి. బటన్ నొక్కితే గిరగిర తిరిగే కుక్కను చూపిస్తారు, లైట్లు వెలిగే కారు చూపిస్తారు. వాటితో పిల్ల చేయాల్సిన పనేమీ ఉండదు, పక్కన నిలబడి చూడటమే. లాగుడు బొమ్మలు అసలు లేవని కాదు, ఉన్నాయి, కానీ చాలావాటికి కింద చక్రాలు తిరుగుతుంటాయి, పైన జంతువు మాత్రం కొయ్యలా నిలబడి ఉంటుంది. ఇక నుమాయిష్‌లోనో శిల్పారామంలోనో హస్తకళల స్టాళ్లకు వెళితే కొండపల్లి అంబారీ ఏనుగు, నిర్మల్ బొమ్మలు కళ్ళు చెదిరేంత అందంగా ఉంటాయి. కొని ఇంటికి తెచ్చాక పిల్లలకు అందకుండా అద్దాల బీరువాలో పెడతాం. ఆ పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది. అందుకే అది బీరువాలోంచి నేల మీదకు దిగాలని అంటున్నాను.

ఇదేమీ పైనుంచి వచ్చిన కొత్త ఆలోచన కాదు. మొహెంజొదారో తవ్వకాల్లో మట్టి ఎద్దు బొమ్మ ఒకటి దొరికింది, దాని తల విడిగా చేసి మెడ దగ్గర ఊగేలా అమర్చారు. నాలుగు వేల ఏళ్ళ పైమాట అది. మన జాతరల్లో అమ్మే టకటక బండి సంగతి చూడండి, లాగితే చిన్న పుల్లలు కాగితం డప్పు మీద కొడుతూ పోతాయి. ఇంజనీరింగ్ కాలేజీలో క్యామ్ (తిరుగుతూ నెట్టే ముక్క), ఫాలోవర్ (దానికి ఆనుకుని కదిలే ముక్క) అని చెప్పేది సరిగ్గా అదే. డెన్మార్క్‌లో లెగో కంపెనీ ప్లాస్టిక్ ఇటుకల్లోకి రాకముందు, 1930లలోనే, లాగితే ముక్కు తెరిచి మూసే చెక్క బాతును చేసింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు ఆ గడియారం ముందు జనం గుంపుగా కూర్చుని, ఎప్పుడు బొమ్మ మనిషి బయటికొచ్చి కొడతాడా అని ఎదురుచూస్తారు కదా, పెద్దవాళ్ళక్కూడా ఒకటి తిరిగితే ఇంకొకటి కదలడం అంత ఇష్టం.

ఇప్పుడు అసలు డిజైన్ గురించి. ఇక్కడే కాస్త ఓపిగ్గా చదవమని అడుగుతున్నాను.

ముందు జంతువును ఎంచుకోవాలి, అంటే ఆ జంతువును మనం ఏ కదలికతో గుర్తుపడతామో అది ఎంచుకోవాలి. బాతుకు ఒళ్ళు అటూ ఇటూ ఊగడం: ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకు రంధ్రం వేసి, కుడి ఎడమలు ఎదురెదురుగా బిగిస్తే చాలు, ఇంకే భాగమూ అక్కర్లేదు. కుందేలుకు గెంతు, అదే పక్క రంధ్రాన్ని వెనక చక్రాలు రెండింటికీ ఒకే వైపు పెడితే వస్తుంది. గుర్రం నాలుగు కాళ్ళూ పరిగెత్తాలని చాలామంది మొదలుపెడతారు గానీ దానికి నాలుగు క్రాంకులు (తిరుగుడును ముందువెనకల కదలికగా మార్చే వంపు కడ్డీలు), బోలెడు పిన్నులు కావాలి, రెండేళ్ళ పిల్ల చేతిలో అది నిలవదు. నా ఓటు గంగిరెద్దుకే. సంక్రాంతికి వీధిలో సన్నాయి వినపడగానే పిల్లలు గేటు దగ్గరికి పరిగెత్తేది అది తల ఊపుతుందనే. దాని కదలికంతా ఒక్క తలలో ఉంది, చేసేవాడికి అది పెద్ద వరం.

నేను గీసుకున్న గంగిరెద్దులో కదిలే చెక్క ఒక్కటే. ముందు చివర తల, మధ్యలో ఒళ్ళు లోపలినుంచి పోయే కడ్డీ, వెనక చివర తోక, అన్నీ ఒకే ముక్క. భుజం దగ్గర ఒక పిన్ను, దాని మీద ఈ కడ్డీ తూగుతుంది. వెనక ఇరుసు మీద 30 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ళ ఒకటి, మన క్యామ్ అదే, దానికి రంధ్రం మధ్యలో కాకుండా 6 మిల్లీమీటర్లు పక్కకు. ఇరుసు తిరిగితే ఆ బిళ్ళ కడ్డీని 12 మిల్లీమీటర్లు లేపి దింపుతుంది. పిన్ను నుంచి బిళ్ళకు 80, పిన్ను నుంచి మూతికి 120 మిల్లీమీటర్లు పెడితే మూతి దగ్గర ఆ 12 కాస్తా 18 అవుతుంది. చూసేవాళ్ళకు అది చక్కగా తల ఊపినట్టే ఉంటుంది, తల దిగినప్పుడల్లా తోక లేస్తుంది. కడ్డీ తోక వైపు కొద్దిగా బరువుగా ఉండాలి, అప్పుడే అది తనంతట తాను బిళ్ళ మీద వాలుతుంది. దీనికోసం లోపల ఒక ఇనప నట్టు బిగించవచ్చు. సీసం మాత్రం పెట్టకూడదు, ఎంత చిన్న ముక్కైనా సరే. స్ప్రింగు, రబ్బరు బ్యాండు కూడా వద్దు, ఒకటి లూజవుతుంది, ఇంకొకటి మన ఎండలకు ఏడాదిలో తెగుతుంది.

క్యామ్‌ను నత్తగుల్ల ఆకారంలో, మెల్లగా లేచి ఒక్కసారి పడేలా చేస్తే టక్కున తల పడటం బాగుంటుందని కొందరు అంటారు. బాగుంటుంది, నిజమే. కానీ పిల్లలు బొమ్మను ముందుకే లాగరు, వెనక్కి నెడతారు, మంచం కింద ఇరుక్కుంటే తోక పట్టుకుని గుంజుతారు, అప్పుడు ఆ మెట్టు కడ్డీకి అడ్డం పడి ఏదో ఒకటి విరుగుతుంది. గుండ్రటి బిళ్ళకు ఆ బాధ లేదు, ఎటు తిప్పినా తిరుగుతుంది.

చక్రం ఇరుసుకు బిగిసి ఉండాలి, ఇరుసు ఒంట్లోని రంధ్రంలో తిరగాలి. మామూలు బొమ్మ బండిలో దీనికి తిరగేసి ఉంటుంది, మేకు కదలదు, చక్రమే దాని చుట్టూ తిరుగుతుంది, అలాగైతే లోపలి బిళ్ళకు కదలిక అందదు. మరి రెండు చక్రాలూ బిగిస్తే? మలుపు తిరిగేటప్పుడు ఒకటి జారాల్సి వస్తుంది, బండి మొరాయిస్తుంది. ఒకదానికి పిన్ను కొట్టి, రెండోదాన్ని వాషర్ వేసి వదిలేస్తే సరిపోతుంది. ఇరుసుకు పైపూత రాల్చేసిన 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్ చాలు, ఏ షాపులోనైనా దొరుకుతుంది. చక్రం 70 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక చుట్టుకు 22 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే బుడిబుడి అడుగుకు దాదాపు ఒక ఊపు. చక్రం చిన్నది చేస్తే తల వణికినట్టుగా ఊగుతుంది, గంగిరెద్దు ఠీవి ఉండదు.

క్యామ్ ముందు ఇరుసు మీద వద్దని ఎందుకు అంటున్నానంటే, తాడు పట్టుకున్న చెయ్యి పైన ఉంటుంది, బొమ్మ కింద ఉంటుంది, లాగినప్పుడల్లా ముందు చక్రాలు కాస్త పైకి తేలతాయి. వెనక చక్రాల మీదే బరువు నిలుస్తుంది, పట్టూ అక్కడే ఉంటుంది. తాడు కూడా పైన మెడకు కట్టకూడదు, ఇరుసు ఎత్తులోనే కట్టాలి, లేకపోతే గడప తగిలినప్పుడు ఎద్దు మూతి మీద బోర్లాపడుతుంది. మన ఇళ్ళలో నేలలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. టైల్స్ మీద చెక్క చక్రం తిరక్కుండా జారుతుంది, కాబట్టి చక్రం అంచుకు గాడి తీసి సైకిల్ ట్యూబ్ రింగు గట్టిగా అంటించాలి, వేలితో లాగితే రాకూడదు. తాండూరు బండల సందుల్లో సన్న చక్రం ఇరుక్కుంటుంది, అందుకని చక్రం మందం కనీసం 15 మిల్లీమీటర్లు ఉంచాలి.

ఇక భద్రత. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు, చిన్న పనివాళ్ళ మీద టెస్టుల ఖర్చు పడకూడదనే ఉద్దేశం మంచిదే. మార్కు అక్కర్లేనివాళ్ళు కూడా ఆ కొలతలు తెలుసుకుని చేయాలని నా మనవి, ఎందుకంటే అవి పిల్లల వేళ్ళనూ గొంతునూ దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. కదిలే రెండు భాగాల మధ్య 5 మిల్లీమీటర్ల పుల్ల దూరే సందు ఉంటే 12 మిల్లీమీటర్ల పుల్ల కూడా దూరాలి, లేదా అసలు ఏదీ దూరకూడదు. మధ్యస్థంగా ఉన్న సందులోనే చిన్న వేలు వెళ్ళి నలుగుతుంది. గంగిరెద్దు మెడ దగ్గర, తోక దగ్గర, తల ఎక్కడున్నా సరే ఈ లెక్క కుదరాలి. పొట్ట కింద పలక వేసి బిళ్ళను మూసేయాలి. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పరీక్ష గొట్టంలో ఇమిడిపోయే ముక్క ఏదీ విడిగా ఊడి రాకూడదు. గంగిరెద్దుకు మువ్వలు లేకపోతే ఎలా అంటారు, నాకూ కావాలి. మువ్వను మెడకు కట్టకుండా ఒంట్లో కడ్డీకి కట్టి మూసేయండి, తల ఊగినప్పుడల్లా లోపలినుంచి మోగుతుంది, ఏ పిల్లా దాన్ని నోట్లో పెట్టుకోలేదు. తాడు చివర పూస వద్దు, మెడకు చుట్టుకునేంత పొడవూ వద్దు. బిళ్ళ రాసుకునే చోట గ్రీజు బదులు కొవ్వొత్తి మైనం రాస్తే చాలు.

చెక్క విషయంలో మనం అదృష్టవంతులం. నిర్మల్, కొండపల్లి వాళ్ళు వాడే పొణికి కర్ర తేలిక, ఉలికి మెత్తగా లొంగుతుంది, ఒళ్ళు, తల చెక్కడానికి దానికి మించింది లేదు. అయితే ఆ మెత్తదనం వల్లే ఇరుసు తిరిగే రంధ్రం త్వరగా అరిగి వెడల్పవుతుంది, అందుకని అక్కడ ఇత్తడి బుష్, అంటే చిన్న గొట్టం, వేయాలి. చక్రాలకు, బిళ్ళకు ఏటికొప్పాక అంకుడు కర్ర సరైనది, వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో లేత్ మీద తిప్పుతూనే లక్క రంగు పట్టిస్తారు, రంగులు చెట్ల నుంచి తీస్తారు. పిల్ల కొరికే బొమ్మకు అలాంటి రంగే కావాలి. నిర్మల్ ఒళ్ళు, ఏటికొప్పాక చక్రాలు, బాలానగర్ ఇరుసు కలిసిన ఎద్దును చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. తలుపు మూశారు సరే, లోపల మనం ఏం చేస్తున్నాం? రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌లో కొత్త వస్తువుల నమూనాలు చేయడానికి కావాల్సిన మెషిన్లున్నాయి. బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచీ ఉంది. మాసబ్‌ట్యాంక్, రామంతాపూర్ పాలిటెక్నిక్‌లలో మెకానికల్ పిల్లలు ప్రతి ఏడాదీ ప్రాజెక్టు చేయాల్సిందే. వాళ్ళలో కొందరికి ఒక లాగుడు బొమ్మ ఇచ్చి, నిర్మల్ నుంచి ఒక పనివారిని పిలిచి గౌరవంగా కూలి కట్టి పక్కన కూర్చోబెడితే, కాలేజీ పిల్లలకు క్యామ్ అంటే ఏమిటో చేత్తో తెలుస్తుంది, ఆయనకు కదిలే బొమ్మ డ్రాయింగ్ చేతికొస్తుంది. కాపీ కొట్టిన ప్రాజెక్టు రిపోర్టుల కంటే ఇది వెయ్యి రెట్లు నయం. చిన్న పిల్లల బొమ్మ కదా అని తేలిగ్గా తీసుకోకండి. టూల్‌రూమ్‌లో మేం చేసిన ఫిక్చర్‌ను వాడే మనిషికి అది ఎలా వాడాలో తెలుసు, రెండేళ్ళ పిల్లకు ఏమీ తెలీదు, విసిరేస్తుంది, కొరుకుతుంది, ఎక్కి కూర్చుంటుంది, వీటన్నిటికీ తట్టుకునేలా చేయడం చాలా పెద్ద డిజైన్ పని.

మీ నుంచి ఒకటి కోరుతున్నాను. ఆదివారం పిల్లల పేజీలో చుక్కలు కలపడం, దారి కనుక్కోవడం వేస్తారు. నెలకొకసారి ఆ జాగాలో ఒక కదిలే బొమ్మ డ్రాయింగ్ వేయండి, కొలతలతో సహా, వడ్రంగి దగ్గరికి పేపర్ కటింగ్ పట్టుకెళితే చేసిచ్చేలా. గంగిరెద్దు డ్రాయింగ్ ఈ ఉత్తరంతో జతచేశాను, మూడు వైపుల నుంచి గీశాను, సందుల కొలతలు విడిగా రాశాను. పారితోషికం అక్కర్లేదు. చేసి చూసినవాళ్ళకు ఎక్కడైనా పట్టేసినా, తల సరిగ్గా ఊగకపోయినా మీకు రాయమనండి, ముఖ్యంగా తాండూరు బండలున్న ఇళ్ళవాళ్ళను. వచ్చిన ఉత్తరాలు నాకు పంపితే కొలతలు సరిచేసి మళ్ళీ గీసి పంపుతాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ టూల్‌రూమ్ ఫిట్టర్
బాలానగర్, హైదరాబాద్