మేము వాద్య సహకారం అందించలేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం సికింద్రాబాద్‌లో జరిగిన మా నలుగురి కచేరీ గురించి మీ నగర పేజీలో వార్త వేసినందుకు కృతజ్ఞతలు. జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతానికి తెలుగు పత్రికలో జానెడు చోటు దొరకడమే గొప్ప. అయితే ఫొటో కింద మొదటి వయొలిన్ వాయించిన ఆయనను ‘ప్రధాన కళాకారుడు’ అన్నారు. మిగతా ముగ్గురూ ఆయనకు ‘వాద్య సహకారం అందించారు’ అన్నారు. ఆ ముగ్గురిలో వయోలా, అంటే వయొలిన్ కన్నా కాస్త పెద్దదై కింది స్థాయిలో పలికే వాద్యం, వాయించింది నేను.

పక్కవాద్యమంటే నాకు చిన్నచూపేమీ లేదు. విజయనగరంలో చిన్నప్పుడు గాత్రం పక్కన కూర్చుని వయొలిన్ వాయించినదాన్నే. పాడేవారి వెంట నీడలా నడవడం ఎంత కష్టమో తెలుసు. కానీ ఆ రోజు మేము వాయించినవి ఫ్యూగులు, అంటే ఒకే సంగీత వాక్యాన్ని వాద్యాలన్నీ వంతులవారీగా అందుకుని అల్లుకుపోయే రచనలు. వాటిలో పక్కవాద్యం అనేదే ఉండదు.

మొదట వాయించినదాన్నే తీసుకోండి. బాఖ్ పోయిన మరుసటి ఏడాది, 1751లో అచ్చయిన ఫ్యూగుల సంపుటి ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’లో మొదటిది అది. ఏ వాద్యాలకో చెప్పకుండా నాలుగు గొంతులనూ, అంటే నాలుగు స్వరధారలనూ, నాలుగు వరుసల్లో విడివిడిగా రాసి వదిలాడు. మొదలుపెట్టేది రెండో వయొలిన్ ఆవిడ. స ప గ స ని స రి గ అంటూ, ధైవతం జోలికి పోకుండా కీరవాణి స్వరాల్లో నడిచే చిన్న వాక్యం. మీ ‘ప్రధాన కళాకారుడు’ అప్పుడు విల్లు పట్టుకుని నాలుగు బార్లు (మన తాళంలో ఆవర్తనం లాంటి కొలత) ఊరికే కూర్చోవాలి. తర్వాత అదే మాటను ఆయన అందుకుంటారు. ఆవిడ షడ్జమం నుంచి పంచమానికి ఎక్కితే, ఆయన పంచమం నుంచి పై షడ్జమానికి. తొమ్మిదో బారులో, మంద్రంలో పలికే పెద్ద తీగవాద్యం చెల్లో వస్తుంది. పదమూడో బారులో నేను.

మా సాధనలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యానికే పోయింది. నలుగురి విల్లూ ఒకేలా పలక్కపోతే, తిరిగి వచ్చింది పాత వాక్యమేనని వినేవారు పోల్చుకోలేరు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాం, చెరిపేశాం, మళ్లీ పెట్టుకున్నాం. అంతకన్నా కష్టం, మన వంతు అయిపోగానే తగ్గడం. చెల్లో వాయించే అబ్బాయి విల్లు ఆపి, “అక్కా, మీ మాట అయిపోయింది, ఇక నన్ను చెప్పనివ్వండి” అని ఎన్నిసార్లు అన్నాడో!

ఏడో ఫ్యూగులో అదే వాక్యం కాస్త మారి మూడు వేగాల్లో వస్తుంది. పల్లవిని త్రికాలం చేయడం మనకు తెలిసిందే. అయితే మనం ఒకదాని తర్వాత ఒకటి చేస్తాం, ఇక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి.

రెండో వయొలిన్ ఆవిడ పక్క కుర్చీలో ఉన్నది, మీరు రాసినట్టు, ‘అదనపు వయొలిన్’ కాదు. అదీ వయోలానే. కొన్ని ఫ్యూగుల్లో ఆవిడ వరుస వయొలిన్ మంద్రపు తీగ కన్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు ఆవిడ ఆ వయోలా అందుకుంటారు.

మొదటి ఫ్యూగు మధ్యలో శ్రోతలు ‘చప్పట్లతో ప్రోత్సహించారు’ అన్నారు. అది మధ్య కాదు, చివరికి కొంచెం ముందు. అక్కడ బాఖ్ నలుగురినీ ఒక్కసారిగా ఆపేస్తాడు. ఆ నిశ్శబ్దం కూడా రాసిపెట్టిందే. విల్లులు గాలిలో ఉండగా హాలంతా చప్పట్లు! తప్పు శ్రోతలది కాదు. ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది మేమే.

ఇక, చివరి అంశం ‘సాంకేతిక కారణాల వల్ల అర్ధాంతరంగా ముగిసింది’ అన్న వాక్యానికి మాత్రం సవరణ వేయాలని మనవి. ఆ ఫ్యూగు రాతప్రతి 239వ బారులో ఆగిపోయింది. ఇది రాస్తుండగానే తండ్రి పోయాడని బాఖ్ కొడుకు అందులో రాసిపెట్టాడు. దాన్ని పూర్తి చేసి వాయించేవారూ ఉన్నారు. మేము కలం ఆగిన చోటే ఆపాం. అక్కడ రెండు వయొలిన్లూ చెల్లో ఊరుకుంటాయి. చిట్టచివర వినిపించేది వయోలా ఒక్కటే. మీ ఫొటోగ్రాఫరు అప్పటికే వెళ్లిపోయారు.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, సికింద్రాబాద్